పోస్ట్‌గ్రెస్ 13 నడుస్తుండగానే పక్కన 17 పెట్టి చూడటం ఎలా?

ముందు మీ పరిస్థితి నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఉబుంటు 22.04 మెషీన్ ఒకటే ఉంది. దాని మీద పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సర్వర్ వెర్షన్ 13, దాని మీద మీ హోల్‌సేల్ మందుల షాపు బిల్లింగ్. డేటాబేస్ 60 జీబీ, ర్యామ్ 16 జీబీ, డిస్క్‌లో 110 జీబీ ఖాళీ. వెర్షన్ 17కి వెళ్లాలి, కానీ ముందు ఇదే మెషీన్ మీద పక్కన పెట్టి చూడాలని ఉంది. అలా పెడితే 13కి ఏమైనా అవుతుందా అన్నది మీ టెన్షన్.

పక్కన పెట్టొచ్చు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, డెబియన్, ఉబుంటు వాళ్ల పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీలు రెండు కత్తులు ఇమిడేలాగే కట్టారు. ప్రోగ్రామ్ ఫైళ్లు, డేటా, సెట్టింగులు అన్నీ వెర్షన్ నంబర్ పేరుతో విడివిడి డైరెక్టరీల్లో ఉంటాయి. 13 వాడేది 5432 పోర్ట్ (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబర్) అయితే, కొత్తగా తయారయ్యే క్లస్టర్ (అంటే సొంత డేటా, సొంత పోర్ట్ ఉన్న ఒక సర్వర్) ఖాళీగా ఉన్న తర్వాతి పోర్ట్, అంటే మామూలుగా 5433 తీసుకుంటుంది. పొరపాటున 17ని 13 డేటా మీద స్టార్ట్ చేయబోయినా అది ఒప్పుకోదు, ఫైళ్లు ఈ వెర్షన్‌వి కావని చెప్పి ఆగిపోతుంది. మారాలన్న మీ నిర్ణయం కూడా సరైనదే. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి పెద్ద వెర్షన్‌కూ సుమారు 5 ఏళ్ల మద్దతు ఉంటుంది. 13కి అది 2025 నవంబర్‌తో అయిపోయింది, 17కి 2029 నవంబర్ దాకా ఉంది.

17 దానంతట అది వచ్చి 13ను పాడుచేసిన సందర్భం నేను ఇంతవరకు చూడలేదు. నేను చూసిన ప్రతిసారీ పాడుచేసింది మనిషే. ఒకసారి ఆ మనిషిని నేనే.

కొన్నేళ్ల కిందటి సంగతి, కంపెనీ పేరు వద్దు. సరిగ్గా మీలాగే ఒకే మెషీన్, రెండు వెర్షన్లు. రాత్రి పదిన్నరకు టెస్ట్ సర్వర్‌లోకి రిస్టోర్ చేసే స్క్రిప్ట్ నడుపుతున్నా. ఉన్న టేబుళ్లు తీసేసి మళ్లీ కట్టే ఆప్షన్ అందులో పెట్టాను. ఏ పోర్ట్‌కి వెళ్లాలో స్క్రిప్ట్‌లో రాయలేదు, టెర్మినల్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెట్టుకున్నాను. మధ్యలో కనెక్షన్ తెగింది. కొత్త టెర్మినల్ తెరిచి పైబాణం నొక్కి అదే కమాండ్ కొట్టాను. కొత్త టెర్మినల్‌లో ఆ వేరియబుల్ లేదు. స్క్రిప్ట్ నేరుగా డిఫాల్ట్ అయిన 5432కి, అంటే లైవ్‌కి పోయింది. లైవ్ టేబుళ్లు పోయి, వాటి చోట మధ్యాహ్నం 2 గంటల నాటి డంప్ (డేటా అంతా రాసిపెట్టుకున్న కాపీ ఫైల్) వచ్చి కూర్చుంది. ఎర్రర్ ఒక్కటీ లేదు, అంతా శుభ్రంగా పూర్తయింది! మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వేసిన ఎంట్రీలన్నీ మర్నాడు నలుగురు కుర్రాళ్లు బిల్లు పుస్తకాల కార్బన్ కాపీలు చూసి మళ్లీ కొట్టారు. నేను వాళ్లకు టీలు మోశాను.

అందుకే మీకు నేను చెప్పే మొదటి పని ఇన్‌స్టాల్ కాదు, టెస్ట్ చేసే చెయ్యి లైవ్‌ని తాకలేకుండా కట్టెయ్యడం. జాగ్రత్తగా ఉంటానులే అనుకుంటే రాత్రి పదిన్నరకు ఆ జాగ్రత్త ఉండదు.

అసలు కంత ఎక్కడుందో చూడండి. ఉబుంటులో 'పోస్ట్‌గ్రెస్' అనే లినక్స్ యూజర్‌గా మారితే పాస్‌వర్డ్ అడగకుండానే సూపర్‌యూజర్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) అయిపోతారు. అది 13కీ అంతే, 17కీ అంతే. ఒకే తాళంచెవి రెండిళ్లకూ పడుతుందన్నమాట. కాబట్టి 'పరీక్ష' అని ఒక కొత్త లినక్స్ యూజర్‌ని చేయండి. 17 క్లస్టర్‌లో మాత్రమే అదే పేరుతో సూపర్‌యూజర్ రోల్ (డేటాబేస్ లోపలి యూజర్) పెట్టండి. 13లో ఆ పేరుతో రోల్ ఉండదు. ఇక ఆ యూజర్‌గా లాగిన్ అయి పొరపాటున 5432కి వెళ్లినా, అలాంటి రోల్ లేదని 13 మొహం మీదే తలుపేస్తుంది. టెస్ట్ పనంతా ఈ యూజర్‌తోనే చేయాలి. ఆ యూజర్ దగ్గర లైవ్ పాస్‌వర్డ్ ఏ ఫైల్లోనూ ఉండకూడదు.

దాని పైన ఇంకో రెండు చిన్న పనులు. కమాండ్లు కొట్టే పీఎస్‌క్యూఎల్ ప్రాంప్ట్‌లో పోర్ట్ నంబర్ కనపడేలా సెట్ చేసుకోండి, ఒక్క లైను పని. ఇక ఏ స్క్రిప్ట్ రాసినా మొదట్లోనే సర్వర్ వెర్షన్ నంబర్ అడిగి, అది 170000 కన్నా తక్కువైతే అక్కడే ఆగిపోయేలా రాయండి. ఆ రోజు నా స్క్రిప్ట్‌లో ఈ మూడు లైన్లు ఉండుంటే ఆ టీలు మోసే పని తప్పేది.

ఇక ఇన్‌స్టాల్. (కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మాన్యువల్ పేజీ చూసుకోండి.) మీ 13 పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత ఆప్ట్ రిపాజిటరీ (ప్యాకేజీలు దిగే ఆన్‌లైన్ గోదాం) నుంచే వచ్చి ఉండాలి, ఎందుకంటే 22.04తో ఉబుంటు ఇచ్చేది 14. అదే రిపాజిటరీలో 17 ఉంటుంది. ప్యాకేజీ పేరు వెర్షన్‌తో సహా అడగండి. నంబర్ లేకుండా ఉత్త పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అంటే ఆ రోజుకు ఏది కొత్తదైతే అదొస్తుంది. నిజంగా ఇన్‌స్టాల్ చేసే ముందు ఆప్ట్‌ని సిమ్యులేట్ మోడ్‌లో నడిపి, ఏమేం మారబోతున్నాయో చదవండి. చాలాకాలంగా అప్‌డేట్ చేయని మెషీన్ అయితే 17తో పాటు రెండు వెర్షన్లూ పంచుకునే ప్యాకేజీలు కూడా కదులుతాయి. ముఖ్యంగా లిబ్‌పీక్యూ అనే క్లయింట్ లైబ్రరీ. మీ బిల్లింగ్ అప్లికేషన్ దాన్నే వాడుతుంటే, మీరు 13ని ముట్టుకోకపోయినా అప్లికేషన్ కింద నేల మారినట్టే. అది మామూలుగా ఏ ఇబ్బందీ పెట్టదు, కానీ తెలిసి జరగాలి. ఇన్‌స్టాల్ చివర 22.04 ఏయే సర్వీసులు రీస్టార్ట్ చేయాలని ఒక తెర చూపిస్తుంది. అందులో పోస్ట్‌గ్రెస్ 13కి టిక్ ఉంటే తీసేయండి. ఈ పని షాపు మూసిన తర్వాత పెట్టుకుంటే ఈ భయమే ఉండదు.

ప్యాకేజీ పడగానే 'మెయిన్' పేరుతో ఒక క్లస్టర్ దానంతట అదే తయారై స్టార్ట్ అవుతుంది. అది వద్దు. క్రియేట్‌క్లస్టర్ సెట్టింగ్ ఫైల్లో ఆ ఆటోమేటిక్ తయారీని ముందే ఆపేసి, మీరే 'పరీక్ష' పేరుతో 5433 మీద క్లస్టర్ కట్టండి. స్టార్ట్ పద్ధతి మాన్యువల్ అని పెట్టండి, అప్పుడు కరెంటు పోయి మెషీన్ మళ్లీ లేచినా టెస్ట్ సర్వర్ దానంతట అది లేవదు. లొకేల్ (భాష, అక్షరాల వరుస నియమాలు), ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే పద్ధతి) 13లో ఏమున్నాయో చూసి అవే ఇవ్వండి. ఇవ్వకపోతే టెర్మినల్‌లో ఏ లొకేల్ ఉంటే అది తీసుకుంటుంది, తెలుగులో రాసిన కస్టమర్ పేర్ల దగ్గర ఆ తేడా బయటపడుతుంది. బయటి నుంచి ఎవరూ కనెక్ట్ కాకుండా లోకల్‌హోస్ట్ మీద మాత్రమే వినేలా ఉంచండి. టెస్ట్ అన్నంత మాత్రాన అందులో ఉన్నవి మీ కస్టమర్ల ఫోన్ నంబర్లు కాకుండా పోవు.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. టెస్ట్‌లో ఏదో సెట్టింగ్ మార్చి, అలవాటుగా సర్వీసులు ఆపి నడిపే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్'ని రీస్టార్ట్ చేస్తారు. ఆ పేరు ఒక్క సర్వర్‌ది కాదు, ఆ మెషీన్ మీదున్న క్లస్టర్లన్నిటినీ కలిపి పిలిచే పేరు. 13 కూడా రీస్టార్ట్ అయిపోతుంది, కౌంటర్ దగ్గర బిల్లు కొడుతున్న పిల్లవాడి స్క్రీన్ ఆగిపోతుంది. వెర్షన్, క్లస్టర్ పేరు రెండూ కలిపి ఉన్న సర్వీసు పేరునే వాడాలి. పరీక్ష యూజర్‌కి సుడో (అడ్మిన్ హక్కు) ఇవ్వాల్సి వస్తే ఆ ఒక్క సర్వీసుకే ఇవ్వండి.

విడివిడి డైరెక్టరీల్లో ఉన్నా ఈ రెండూ పంచుకునే ముఖ్యమైనవి రెండున్నాయి: మెమరీ, డిస్క్. 13కి షేర్డ్ బఫర్స్ (డేటా కోసం విడిగా ఉంచే మెమరీ) 4 జీబీ ఇచ్చారనుకుందాం. 17కీ అంతే ఇచ్చి, నాలుగు జాబులతో రిస్టోర్ మొదలుపెడితే 16 జీబీ ర్యామ్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అప్పుడు కెర్నల్ ఎవరినో ఒకరిని చంపుతుంది, ఆ ఎవరో 13 కావచ్చు. టెస్ట్‌కి 1 జీబీ చాలు. ఇంకా గట్టిగా కావాలంటే ఆ టెస్ట్ సర్వీసుకు సిస్టమ్‌డీలో 4 జీబీ మెమరీ పరిమితి పెట్టండి. హద్దు దాటితే చచ్చేది అదే అవుతుంది.

డిస్క్ సంగతి ఇంకా సున్నితం. 110 జీబీ ఖాళీ ఉంది, 60 జీబీ డేటాబేస్ పడుతుందని మీ లెక్క. కానీ డంప్ ఫైల్, రిస్టోర్ అవుతున్నప్పుడు ఉబ్బే వాల్ ఫైళ్లు (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే చిట్టా), ఇండెక్సులు కట్టేటప్పుడు తాత్కాలికంగా వాడే చోటు, ఇవన్నీ కలపాలి. డిస్క్ నిండితే టెస్ట్ ఒక్కటే ఆగదు. 13కి వాల్ రాయడానికి చోటు దొరక్క అది కూడా పానిక్ అని లాగ్‌లో రాసి పడిపోతుంది. ఇద్దరూ ఒకే బావి నీళ్లు తోడుతున్నారు మరి. అందుకే 17 డేటా డైరెక్టరీని వేరే డిస్క్ మీద పెట్టండి. ఒక మామూలు ఎస్ఎస్‌డీ కొనడం మీ షాపు ఒక్క గంట మూతపడటం కన్నా చవక. కొనడం కుదరకపోతే డిస్క్‌ని ముక్కలు చేసే ఎల్‌వీఎమ్‌లో 80 జీబీ ముక్క విడిగా కోసి, 17ని దాంట్లోనే ఉంచండి. నిండితే అదొక్కటే నిండుతుంది.

డేటా ఎక్కడి నుంచి తేవాలి? చాలామంది లైవ్ నుంచే తాజా డంప్ తీస్తారు. డంప్ ఎవరి డేటానూ మార్చదు, నిజమే. కానీ అది నడిచినంతసేపూ ఒక పాత స్నాప్‌షాట్‌ని (ఆ క్షణం నాటి డేటా చిత్రాన్ని), టేబుళ్ల మీద ఒక చిన్న లాక్‌ని పట్టుకుని ఉంటుంది. ఈలోపు ఎవరైనా టేబుల్‌కి కాలమ్ కలపబోతే ఆ పని ఆగిపోతుంది, దాని వెనక మిగతా క్వెరీలు క్యూ కడతాయి. నేనైతే నిన్న రాత్రి బ్యాకప్‌తో మొదలుపెడతాను. లైవ్‌ని ముట్టుకోవాల్సిన పనే లేదు, పైగా ఇన్నాళ్లుగా తీస్తున్న ఆ బ్యాకప్ అసలు రిస్టోర్ అవుతుందో లేదో ఇప్పుడే తేలిపోతుంది. తేలక్కర్లేదు, మాది పక్కాగా ఉంటుంది అన్నవాళ్లను చాలామందినే చూశాను. లైవ్ నుంచే తీయాలనుకుంటే మాత్రం 17తో వచ్చిన పీజీడంప్ వాడండి. కొత్త పనిముట్టుకు పాత సర్వర్ భాష తెలుసు, పాతదానికి కొత్తది తెలియదు. యూజర్లు, పాస్‌వర్డ్‌లు మామూలు డంప్‌లో రావు, వాటికి పీజీడంప్ఆల్‌లో గ్లోబల్స్ ఆప్షన్ విడిగా నడపాలి.

13 సెట్టింగ్ ఫైల్‌ని ఎత్తి 17 డైరెక్టరీలో పడేసే పని చేయకండి. ఉబుంటులో ఆ ఫైల్లోనే డేటా డైరెక్టరీ ఎక్కడుందో, పోర్ట్ ఎంతో రాసి ఉంటుంది. అలా చేస్తే 17 వెళ్లి 13 ఇంటి తలుపు తడుతుంది. ముందు చెప్పినట్టు లోపలికి రానివ్వదు గానీ, దాని మీద ఆధారపడటం ఎందుకు? అంతకన్నా చాటుగా ఉండే ప్రమాదం ఆర్కైవ్ కమాండ్. మీరు వాల్ ఆర్కైవ్ చేస్తుంటే (అంటే రికవరీ కోసం ఆ ఫైళ్లను వేరే చోట దాస్తుంటే), ఆ లైను కూడా కాపీ అయి, టెస్ట్ సర్వర్ తన వాల్ ఫైళ్లను లైవ్ ఆర్కైవ్‌లోకే పంపుతుంది. ఫైల్ పేర్లు ఒకే తీరులో ఉంటాయి, ఏది ఎవరిదో తెలియదు. ఏదో ఒక రోజు నిజంగా రికవరీ చేయాల్సి వచ్చినప్పుడు దాని సంగతి తెలుస్తుంది. టెస్ట్‌లో ఆర్కైవ్ మోడ్ ఆఫ్. కావలసిన సెట్టింగులు ఒక్కొక్కటే చేత్తో ఎక్కించుకోండి.

రిస్టోర్ అయ్యాక మొదట తగిలేది లాగిన్ సమస్య. 14 నుంచి పాస్‌వర్డ్ పద్ధతి డిఫాల్ట్‌గా పాత ఎండీ5 నుంచి స్క్రామ్ అనే గట్టి పద్ధతికి మారింది. మీ పాత యూజర్ల పాస్‌వర్డ్‌లు ఎండీ5 రూపంలో ఉంటాయి. కొత్త క్లస్టర్‌లో ఎవరు ఎలా లాగిన్ కావాలో చెప్పే హెచ్‌బీఏ ఫైల్ స్క్రామ్ అడుగుతుంది, పాస్‌వర్డ్ సరైనదే అయినా తప్పంటుంది. ప్రస్తుతానికి ఆ ఫైల్లో ఎండీ5 అని మార్చినా పని జరుగుతుంది, ఆ సెట్టింగ్ రెండు రూపాలనూ ఒప్పుకుంటుంది. కానీ 18 నుంచి ఎండీ5ని సాగనంపే పని మొదలైంది, కాబట్టి పాస్‌వర్డ్‌లు మళ్లీ పెట్టి స్క్రామ్‌కే వెళ్లడం మంచిది. మీ అప్లికేషన్ డ్రైవర్ బాగా పాతదైతే దానికి స్క్రామ్ అర్థం కాకపోవచ్చు. అది ఇక్కడ తెలియడానికే ఈ పరీక్షంతా.

రెండోది వేగం. రిస్టోర్ చేసిన వెంటనే రిపోర్ట్ నడిపి, 17 నత్తలా ఉందని తేల్చేసిన మెసేజ్‌లు నాకు నెలకు ఒకటైనా వస్తాయి. డంప్‌తో స్టాటిస్టిక్స్ రావు. ఎనలైజ్ నడపనిదే, క్వెరీ ఏ దారిలో నడపాలో నిర్ణయించే ప్లానర్‌కి ఏ టేబుల్లో ఏముందో సరిగ్గా తెలియదు, చీకట్లో తడుముకుంటుంది. ముందు అది నడిపి, ఒకే క్వెరీని రెండు మూడు సార్లు కొట్టి, అప్పుడు చూడండి. 1 జీబీ ఇచ్చిన 17ని 4 జీబీ ఉన్న 13తో సెకన్ల లెక్కన పోల్చకండి, ఎక్స్‌ప్లెయిన్ కమాండ్ చూపించే ప్లాన్‌లను పోల్చండి. లైవ్‌లో ఎక్కువ సమయం తినే ఓ ఇరవై క్వెరీలు ఏరుకుంటే చాలు. ఎక్స్‌ప్లెయిన్‌కి ఎనలైజ్ కలిపితే క్వెరీ నిజంగానే నడుస్తుందని గుర్తుంచుకోండి. డిలీట్ ముందు పెడితే డిలీట్ అవుతుంది.

తర్వాత 13కీ 17కీ మధ్య మారినవి. 14, 15, 16, 17 రిలీజ్ నోట్స్‌లో మైగ్రేషన్ భాగం మాత్రం చదివితే అరపూట పని, దయచేసి చదవండి. మీలాంటి సెటప్‌లో నాకు తరచుగా తగిలేవి రెండు. 15లో బ్యాకప్ మొదలుపెట్టే, ముగించే ఫంక్షన్ల పేర్లు మారాయి, పాత పేర్లతో రాసుకున్న బ్యాకప్ స్క్రిప్ట్ ఆగిపోతుంది. రెండోది కాస్త గడుసుది. 15 నుంచి కొత్తగా సృష్టించే డేటాబేస్‌లో, టేబుళ్లు మామూలుగా పడే పబ్లిక్ స్కీమాలో అందరికీ టేబుళ్లు కట్టే హక్కు లేదు. రిస్టోర్ చేసిన డేటాబేస్‌లో మాత్రం పాత హక్కులే కొనసాగవచ్చు. అందుకని మీ టెస్ట్ అంతా పచ్చగా కనిపించవచ్చు. మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఏటా ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరానికి కొత్త డేటాబేస్ కడతాయి. మీది అలాంటిదైతే ఆ రోజు పొద్దున్నే పర్మిషన్ ఎర్రర్ రావచ్చు. కాబట్టి టెస్ట్‌లో కొత్త సంవత్సరం బటన్ కూడా నొక్కి చూడండి.

బటన్లు నొక్కే ముందు ఇంకో మాట. అప్లికేషన్ కాపీని 5433కి తిప్పినప్పుడు డేటాబేస్ మాత్రమే టెస్ట్‌ది. ఎస్ఎంఎస్ గేట్‌వే, ఈమెయిల్, జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ లింకు అన్నీ అసలువే. టెస్ట్ బిల్లు ఒకటి కొడితే పోర్టల్‌లో నిజమైన ఐఆర్ఎన్ (ఇన్‌వాయిస్ రిఫరెన్స్ నంబర్) పుడుతుంది. దాన్ని 24 గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు గానీ, ఆడిటర్‌కి సంజాయిషీ ఎవరు చెప్తారు? కాపీలో ఆ కీలన్నీ తుడిచేయండి, టైమర్ మీద నడిచే పనులు ఆపేయండి. డేటాబేస్ లోపల ఇంకో డేటాబేస్‌తో కలిపే ఫారిన్ టేబుళ్లు, డీబీలింక్ ఉంటే అవి లైవ్ వైపు చూస్తున్నాయేమో చూడండి.

అంతా నచ్చింది, ఇక మారదాం అనుకున్నాక ఈ టెస్ట్ క్లస్టర్‌నే లైవ్ చేయాలనిపిస్తుంది. వద్దు, దాని మీద ఎన్ని ప్రయోగాలు చేశారో మీకే గుర్తుండదు. ఖాళీ క్లస్టర్‌తో మళ్లీ మొదలుపెట్టండి. ఉబుంటులో ఉన్న పీజీ అప్‌గ్రేడ్‌క్లస్టర్ పరీక్ష పనిముట్టు కాదు. అది పాత క్లస్టర్‌ని ఆపి, డేటా కొత్తదానికి చేర్చి, 5432 పోర్ట్ కూడా కొత్తదానికే ఇచ్చేస్తుంది. చూద్దాం అని నడిపితే మారిపోయినట్టే. పీజీ అప్‌గ్రేడ్ అనే వేరే పనిముట్టులో చెక్ ఆప్షన్ మాత్రం 13 నడుస్తుండగానే నిశ్చింతగా నడపొచ్చు, ఏ డేటా ఫైలునూ మార్చదు. లింక్ ఆప్షన్ మహా వేగం, కానీ రెండు వెర్షన్లూ అవే ఫైళ్లను పంచుకుంటాయి. 17ని ఒక్కసారి స్టార్ట్ చేశాక 13కి తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. 60 జీబీకి ఆ తొందర అక్కర్లేదు. ఆదివారం సాయంత్రం డంప్, రిస్టోర్ చాలు. ఎంతసేపు పడుతుందో టెస్ట్‌లో గడియారం పెట్టి కొలిచే ఉంటారు కదా. దానికి ఇంకో సగం కలుపుకోండి.

వెనక్కి రావడం గురించి కూడా ముందే ఓనర్‌తో మాట్లాడి పెట్టుకోండి. సోమవారం పొద్దున 17 మీద మొదటి బిల్లు పడ్డాక, ఆ బిల్లు 13లో లేదు. పదింటికి సమస్య వస్తే ఓ ఇరవై బిల్లులు చేత్తో మళ్లీ ఎక్కించి 13కి రావచ్చు. సాయంత్రానికి వస్తే రాలేరు. ఆ గీత ఎన్ని గంటలకో కాగితం మీద రాసుకోండి. 13 డేటాను కనీసం రెండు వారాలు తీయకండి.

చివరిగా టెస్ట్ క్లస్టర్ తీసేయడం. పీజీ డ్రాప్‌క్లస్టర్ కమాండ్‌లో 17కి బదులు 13 పడితే ఏమవుతుందో ఊహించుకోండి, స్టాప్ ఆప్షన్ కూడా ఇస్తే నడుస్తున్న సర్వర్‌ని ఆపి మరీ తుడిచేస్తుంది. క్లస్టర్‌కి 'మెయిన్' కాకుండా 'పరీక్ష' అని పేరు పెట్టించింది ఇందుకే. 13లో ఆ పేరుతో క్లస్టర్ లేదు, నంబర్ తప్పు కొట్టినా ఏమీ జరగదు. అయినా ఆ పని పగటిపూట, టీ తాగాక చేయండి.

13లో మీరు వేసుకున్న ఎక్స్‌టెన్షన్ల (అదనపు సౌకర్యాల) జాబితా ఇక్కడ పెట్టండి. మ్యాప్ డేటాకి వాడే పోస్ట్‌జీఐఎస్ లాంటివి ఏమైనా ఉంటే 17కి వాటి ప్యాకేజీలు విడిగా, రిస్టోర్‌కి ముందే వేసుకోవాలి. అవి ఏ వరుసలో వేయాలో జాబితా చూసి చెప్తాను.